దిగుడే కష్టం

మా నాయిన గీత కార్మికుడు. తొర్రూరు పక్కన మా ఊళ్లో పన్నెండు తాటిచెట్లు ఆయనవి. నడుముకు ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, పాదాలకు గుజి. రెండు పూటలా ఒంటి బరువంతా మడమ వెనక నరం మీదే.

ఏడాదిగా ఆ నరమే నొప్పి. పొద్దున మంచం దిగితే మొదటి పది అడుగులు గోడ పట్టుకునే. (నరం అంటాం గానీ అది పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడు. ఒంట్లో తీగలా తగిలేదంతా మనకు నరమే.) ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ సూది వేస్తానన్నాడు. నొప్పి తగ్గొచ్చు, కానీ అక్కడ వేస్తే ఆ తాడు బలహీనపడి తెగే ప్రమాదముంది. నేల మీద తెగితే ఆపరేషన్. చెట్టు మీద తెగితే? ఆ రాత్రి హైదరాబాద్‌లో నాకు నిద్ర పట్టలేదు.

హన్మకొండ తీసుకుపోయాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబెట్టింది. మంచి కాలుతో పైకి లేవాలి, నొప్పి కాలుతో మెల్లగా మడమ దించాలి. మోకాలు నిటారుగా పదిహేను చొప్పున మూడు విడతలు, వంచి మూడు విడతలు. రెండు పూటలా. రోజుకు 180, అట్లా 12 వారాలు. కొంచెం నొప్పున్నా ఆపొద్దు. చెట్లు మాత్రం ఎక్కొద్దు.

"గింత దూరం తీస్కొచ్చి మెట్టు దిగుడు నేర్పిస్తున్నవా బిడ్డా?"

బస్సులో ఆల్ఫ్రెడ్‌సన్ కథ చెప్పాను. స్వీడన్‌లో ఎముకల డాక్టర్. తనకే ఈ నొప్పి వస్తే ఆపరేషన్ చేయమన్నాడట, పైడాక్టర్ ఒప్పుకోలేదట. తెగితే చచ్చినట్టు చేస్తారని, తెంపుకోవడానికే కాలు మీద బరువు మోపడం మొదలుపెట్టాడట. తెగలేదు సరికదా, నొప్పి పోయింది. 1998లో 15 మంది మీద చేసి చూసిన ఫలితాలు అచ్చువేశాడు. "పిచ్చోడు" అన్నాడు నాయిన, మెచ్చుకోలుగా.

గీత తప్పితే చెట్టు పారుడు ఆగుతది. అందుకని చెట్లు బాబాయికి అప్పజెప్పాడు, సగం పైసలకు. అది ఆయన్ని నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

మొదటిరోజు గడప మీద నిలబడ్డాడు. అమ్మ ఊరుకుంటుందా! గడప తొక్కుతవా అని అరుగు మెట్టుకు తరిమింది. పదిహేను దించితే ఒక చెట్టు దిగినట్టని ఆయన లెక్క. 180 అంటే సరిగ్గా పన్నెండు చెట్లు. "ఎక్కుడు ఎవలైనా ఎక్కుతరు, దిగుడే కష్టం" అంటాడు.

ఇది తొమ్మిదో వారం. నొప్పి సగమే పోయింది. ఈ పద్ధతి అందరికీ పనిచేయదని నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు. బరువు పెంచమన్నారని నా పాత కాలేజీ బ్యాగులో ఇసుక నింపి వీపుకు తగిలించుకుంటున్నాడు.

నిన్న ఫోన్లో అమ్మ గొంతు తగ్గించి చెప్పింది: "మీ నాయిన మోకు తీసి ఎండకేసిండు."