రేగడి మీద ఇల్లు

ఏప్రిల్ 18
నరసరావుపేట, బాబాయి ఇల్లు. తూర్పు గదిలో కిటికీ మూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా బీట. కింద సన్నం, పైకి పోయేకొద్దీ వెడల్పు. అంటే ఆ మూల కుంగుతోంది. బయట పక్కనే పెద్ద వేపచెట్టు. నేల నెర్రెలిచ్చి ఉంది.

"సిమెంటు మెత్తించి రంగు వేయించెయ్యరా" అంటాడు బాబాయి. వద్దన్నాను. వానలకు రేగడి ఉబ్బినప్పుడు బీట మూసుకోవాలని చూస్తుంది. చోటు లేకపోతే పక్కన పగులుతుంది. బీట మీద అద్దం ముక్క అతికించి తేదీ రాశాను.

ఏప్రిల్ 27
రెసిన్ ఇంజెక్షన్ వాళ్లు చూసి వెళ్లారు. సన్నటి బెజ్జాల్లోంచి పాలీయురిథేన్ ఎక్కిస్తే అది మట్టిలో పొంగి పునాదిని ఎత్తుతుంది. తవ్వకం లేదు, ఒకటి రెండు రోజుల పని. వదులు పూడిక మట్టి అయితే నేనూ అదే చేయించేవాణ్ణి. కానీ మూడు మీటర్లకు పైగా లోతు నుంచి ఏటా కదిలే రేగడిలో పైన ఎత్తింది నిలుస్తుందన్న నమ్మకం లేదు.

మే 3
అండర్‌పిన్నింగ్ నిదానమైన పని. గోడ కింద మీటరు, మీటరున్నర ముక్క తవ్వి, కదలని మట్టి దాకా దిగి, కాంక్రీటు పోయాలి. అది గట్టిపడ్డాక పాత పునాదికీ దానికీ మధ్య సందులో పొడి మోర్టారు దట్టించి కూరాలి. ఆ తర్వాతే ఇంకో ముక్క, అదీ పక్కది కాదు. రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్ల అండర్‌రీమ్డ్ పైల్ రేగడికి భేషైనదే. అడుగున బల్బు కాండానికి రెండున్నర రెట్లు ఉంటుంది. అయితే అది కట్టేముందు వేయాల్సింది.

మే 16
అద్దం చిట్లింది. మేస్త్రి మాత్రం తూర్పు గోడ వైపు చూడనే లేదు. "ముందు బాత్‌రూమ్ చూద్దాం రండి" అని పడమటికి నడిచాడు. పైపు జాయింటు కారుతోంది. అక్కడ గునపం వేస్తే మట్టి ముద్దలా అంటుకొచ్చింది. తూర్పున చెట్టు తేమ లాగేస్తుంటే పడమర ఏడాది పొడవునా ఉబ్బే ఉంది. వెంటనే పైపు మార్పించాం.

మే 17
మేస్త్రి పడమటికి నడవడం చూశాక పీసా గోపురం గుర్తొచ్చింది. అది దక్షిణానికి ఒరిగితే, 1999 నుంచి 2001 దాకా ఉత్తరం వైపు అడుగునుంచి కొద్దికొద్దిగా మట్టి తీశారు. నలభై సెంటీమీటర్లకు పైగా వెనక్కి వచ్చింది. అంతకుముందు 1995లో దక్షిణం వైపు నేలను గడ్డకట్టించబోతే గోపురం మరింత ఒరిగింది. కుంగిన వైపే చెయ్యి పెట్టాలన్న రూలేమీ లేదు.

జూలై 9
వానలు. బీట సన్నబడింది. ఇంటి చుట్టూ వాలుగా గచ్చు పోయించాం. వేప కొమ్మలు కొట్టించాం. చెట్టు మొత్తం నరికితే ఎండిన రేగడి నీళ్లు తాగి గోడను పైకి తోస్తుంది. బాబాయి ఒప్పుకున్నాడు. వచ్చే ఎండల్లోనూ బీట తెరుచుకుంటే తూర్పు మూల వరకే అండర్‌పిన్నింగ్.