నా వాచీ, అమ్మ అడుగులు

స్మార్ట్ వాచీ కొని నెల దాటింది. పదివేల అడుగులు పూర్తి కాలేదని అర్ధరాత్రి హాల్లో పచార్లు చేయడం... అదో పిచ్చి లెండి. (ఆ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్కేం కాదు. 1965లో జపానులో అమ్మిన అడుగుల మీటరు పేరు 'మాన్‌పో-కే', అంటే పదివేల అడుగుల మీటరు. అదే పట్టుకుని వేలాడుతున్నాం!)

మొన్న నాట్లప్పుడు కొత్తగూడ వెళ్ళి, దాన్ని అమ్మ ఎడమ చేతికి పెట్టా. పొద్దంతా బురదలో వంగి నాటేసిందా, మధ్యలో అది బుర్రుమంది: చాలాసేపట్నుంచి కూర్చునే ఉన్నారు, లేచి కాస్త కదలండి అని! అది లెక్కపెట్టేది చేతి ఊపుని. నారుకట్ట పట్టుకున్న చెయ్యి ఊగదు కదా.

సాయంత్రం చూస్తే పదిహేను వందల అడుగులు.

"గింతేనా బిడ్డా?" అంది అమ్మ, నడుం పట్టుకుని.

గుండె వేగం గీత మాత్రం పొద్దంతా పైనే ఉంది. చూపించా. ఓసారి చూసి, వాచీ విప్పి నా చేతిలో పెట్టింది.

"రేపు నువ్వే పెట్టుకొని రా. ఇంకా రెండు మళ్లున్నయ్."