‘తప్పయిపోయింది సార్’

‘తప్పయిపోయింది సార్, క్షమించండి.’ తెలుగువాడు ఈ మాట అనడానికి తప్పు చేసి ఉండనక్కర్లేదు. దుబాయ్‌లో అబ్రా పడవ ఎక్కేటప్పుడు ఎవరి కాలో తొక్కినా అంటాడు, అప్పు వాయిదా రెండు రోజులు దాటినా అంటాడు, తనకు సంబంధమే లేని గొడవలో పెద్దమనిషి గొంతు పెంచితే ఆయన్ని చల్లబరచడానికీ ఇదే అంటాడు. మన దగ్గర దీన్ని మర్యాద కింద జమకడతారు తప్ప ఒప్పుకోలు కింద కాదు. అదే మాట పోలీస్ స్టేషన్‌లో మూడో మనిషి నోటి మీదుగా అరబ్బీ కాగితంలోకి ఎక్కితే, మర్యాద రాలిపోయి తప్పొక్కటే మిగులుతుంది. బర్ దుబాయ్‌లో ప్లస్ టూ పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇంజనీరింగ్, మెడిసిన్‌ల పక్కన ఇప్పుడు ‘క్రిమినల్ జస్టిస్’ అనే పేరూ అప్పుడప్పుడూ వినిపిస్తోంది. ఆ డిగ్రీలో చేరితే ఏ పేపర్లు తీసుకోవాలి? నేరస్థుల గురించి చెప్పే పేపర్లు తగ్గించుకుని, మనిషి నోటి మాట కేసు కాగితంగా ఎలా మారుతుందో చెప్పే పేపర్లు పెంచుకోవాలన్నది నా వాదన. సూటిగా చెప్పాలంటే భాష, ప్రొసీజర్. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు ఆ డిగ్రీ పుట్టుక చూడాలి. సిలబస్‌లోని వంకర అక్కడిదే. అమెరికాలో ఈ చదువుకు ఆద్యుడు ఆగస్ట్ వోల్మర్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణానికి పోలీస్ చీఫ్‌గా ఉంటూ, 1916లో అక్కడి యూనివర్సిటీలో పోలీసులకు పాఠాలు మొదలుపెట్టించాడు. న్యూయార్క్‌లో ఇప్పుడు జాన్ జే కాలేజీ అని పిలుస్తున్నది 1964లో పోలీసుల చదువు కోసమే పుట్టింది. 1967లో ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కమిషన్ పోలీసులకు డిగ్రీ ఉండాలంది, 1968 చట్టంతో దానికి ప్రభుత్వ డబ్బు వచ్చింది, ఊరూరా ఈ కోర్సులు వెలిశాయి. అందుకే ఈ రోజుకీ కేటలాగ్ తెరిస్తే పోలీస్ వ్యవస్థ, పోలీస్ నిర్వహణ, పోలీస్ నాయకత్వం అంటూ వరసగా కనిపిస్తాయి. ఇవి చదివి ఆ ఉద్యోగంలోకి వెళ్లేవాళ్లకు బాగానే పనికొస్తాయి. రెసిడెన్స్ వీసా మీద దుబాయ్‌లో పెరిగిన మన పిల్లల సంగతి వేరు. ఎఫ్‌బీఐలో చేరాలంటే అమెరికా పౌరసత్వం కావాలి. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఎస్సై పరీక్ష రాయాలంటే ఏ డిగ్రీ అయినా చాలు, ఇదే అక్కర్లేదు. ఎవరికో కుట్టిన చొక్కా మనం తొడుక్కుంటున్నామని గుర్తుంటే, ఎక్కడ బిగించుకోవాలో, ఎక్కడ వదులు చేసుకోవాలో తెలుస్తుంది.

వదులు చేసుకోవడానికి చోటు కూడా ఉంది. అమెరికన్ పద్ధతిలో డిగ్రీ అంటే 120 క్రెడిట్లు, మూడేసి క్రెడిట్ల చొప్పున 40 పేపర్లు. కాలేజీని బట్టి కాస్త అటూ ఇటూగా పన్నెండు, పద్నాలుగు పేపర్లు మేజర్‌కి పోతాయి, అంతకు కొంచెం ఎక్కువ జనరల్ సబ్జెక్టులకు పోతాయి. మిగిలిన పది పన్నెండు మన ఇష్టం. బ్రిటిష్ పద్ధతిలో మూడేళ్లకు 360 క్రెడిట్లు, అందులో ఈ వెసులుబాటు తక్కువ. అసలు ప్లానింగ్ అంతా ఆ పది పన్నెండులోనే. పిల్లలు వాటిని సీరియల్ కిల్లర్ల పేపరుతోనో, సినిమాల్లో నేరం అనే పేపరుతోనో నింపేసుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ ఉచితంగా చెబుతున్నదానికి సెమిస్టర్ ఫీజు కట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక భాష. 1952లో లండన్ శివారు క్రాయిడన్‌లో ఇద్దరు కుర్రాళ్లు దొంగతనానికి వెళ్లారు. పదహారేళ్ల క్రిస్టఫర్ క్రెయిగ్ చేతిలో తుపాకీ పేలి ఒక పోలీసు చనిపోయాడు. వయసు చాలదని క్రెయిగ్‌కి ఉరి తప్పింది, పక్కనున్న పంతొమ్మిదేళ్ల డెరిక్ బెంట్లీకి పడింది. ‘వాడికి ఇచ్చెయ్’ అని బెంట్లీ అరిచాడన్నది పోలీసుల సాక్ష్యం. తాను ఆ మాటే అనలేదన్నాడు బెంట్లీ. అన్నాడనే అనుకున్నా, ఇచ్చెయ్ అంటే తుపాకీ పోలీసుకు ఇచ్చెయ్ అనా, పోలీసుకు ఒకటి ఇచ్చెయ్ అనా? తెలుగులోనూ ‘రెండిచ్చాడు’ అంటే డబ్బులో దెబ్బలో సందర్భం తెలియకుండా చెప్పలేం కదా. 1953 జనవరిలో బెంట్లీని ఉరితీశారు, 1998లో ఆ తీర్పు కొట్టేశారు. ఈ లోపు మాల్కం కూల్తార్డ్ అనే భాషాశాస్త్రవేత్త బెంట్లీ వాంగ్మూలాన్ని మాట మాటా విడదీసి చూశాడు. ‘ఆ తర్వాత’ అన్న మాట వాక్యంలో పడిన చోటు మామూలు మనుషుల మాటతీరులో లేదని, పోలీసు రిపోర్టుల తీరులో ఉందని చూపించాడు. ఒక చిన్న మాట ఉన్న చోటుని బట్టి, ఆ కాగితం ఎవరి నోట్లోంచి వచ్చిందో పట్టుకునే శాస్త్రం ఇది. ఫోరెన్సిక్ లింగ్విస్టిక్స్ అంటారు. చాలా కాలేజీల్లో భాషాశాస్త్ర విభాగంలో ఒకటో రెండో పేపర్లుగా దొరుకుతుంది, క్రిమినల్ జస్టిస్ విద్యార్థి అటువైపు తొంగి కూడా చూడడు.

ఒకే భాషలో ఇంత చిక్కు ఉంటే, తెలుగు నుంచి అరబ్బీకి దూరం ఎంతో ఆలోచించండి. ‘వాడి మీద చేయి చేసుకున్నాను’ అంటే కొట్టానని. మాటకు మాట మార్చితే చేతితో ఏదో తయారుచేసినట్టు అవుతుంది. ‘చంపేస్తా నిన్ను’ అని తల్లి పిల్లాడితో, స్నేహితుడు స్నేహితుడితో రోజూ అనే మాట. అదే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా ఉండి, ఎదుటివాడు ఫిర్యాదు చేస్తే, ఈ దేశంలో బెదిరింపు నేరం, ఆన్‌లైన్‌లో తిట్టడం 2021 నాటి సైబర్ చట్టం కింద నేరం. అన్నింటికన్నా ప్రమాదం ఊకొట్టడం. కథ వినేటప్పుడే కాదు, పెద్దవాళ్లు ఏం చెబుతున్నా ‘ఆఁ... ఆఁ...’ అంటూ వినడం మనకు సంస్కారం. వింటున్నానని దాని అర్థం, ఔనని కాదు. ఆస్ట్రేలియాలో డయానా ఈడ్స్ అనే పరిశోధకురాలు అక్కడి ఆదివాసుల విచారణల్లో సరిగ్గా ఇలాంటిదే పట్టుకున్నారు. అధికారంలో ఉన్నవాళ్లు ఏ ప్రశ్న వేసినా, అర్థమైనా కాకపోయినా, ఔననేయడం అక్కడ ఒక మర్యాద. ఆ మర్యాద కోర్టులో ఒప్పుకోలుగా మారుతుందని ఆమె రాసి చూపించాక అక్కడి న్యాయవ్యవస్థ దాన్ని పట్టించుకోక తప్పలేదు. తెలుగు ఊకొట్టు గురించి అలాంటి పని ఎవరో ఒకరు చెయ్యాలి. చేసేవాళ్లు ఈ డిగ్రీలోంచే రావాలి.

దుబాయ్ కోర్టుల భాష అరబ్బీ. అరబ్బీ రానివాడికి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలని చట్టమే చెబుతోంది, అది నిజం. కానీ ఏ భాష నుంచి? 2019లో అబుదాబి న్యాయశాఖ అరబ్బీ, ఇంగ్లిషుల తర్వాత మూడో భాషగా హిందీని చేర్చింది, ముఖ్యంగా కార్మికుల కేసుల కోసం. మంచి పనే. అయితే కరీంనగర్ నుంచో కడప నుంచో వచ్చినవాడు తన గోడు లేబర్ క్యాంపులో నేర్చుకున్న హిందీలో చెప్పుకుంటే, దాన్ని ఇంకొకరు అరబ్బీ చేస్తారు. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి, అందులోంచి మరో బిందెలోకి పోసినట్టు, ప్రతిసారీ కొంత ఒలుకుతుంది. అకామా, అర్బాబ్, ఖల్లివెల్లి అంటూ క్యాంపు తెలుగులో అరబ్బీ మాటలు బోలెడున్నాయి, కానీ వాటితో వాంగ్మూలం చదువుకోలేం.

ప్రొసీజర్ సంగతికొస్తే, మనవాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్న జ్ఞానం ఇక్కడ ఎదురుతిరుగుతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని ఇండియాలో పదో తరగతి తప్పినవాడికి కూడా తెలుసు. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ఆ ధైర్యంతో ఇక్కడ నోరు జారితే కుదరదు. నియాబా, అంటే పబ్లిక్ ప్రాసిక్యూషన్ ముందు చెప్పిన మాటకు ఇక్కడ చాలా బరువుంది. పైగా చట్టాలే మారుతున్నాయి. కొత్త శిక్షా చట్టం 2022 జనవరిలో, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 2023 మార్చిలో అమల్లోకి వచ్చాయి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే జైలే అన్న పాత భయం 2022 నుంచి చాలావరకు పోయింది, మోసం ఉంటే తప్ప అది సివిల్ వ్యవహారం. అయినా పాత భయం ఇంకా వదల్లేదు. ఇండియా పుస్తకాల్లో లేని మరో సంగతి, చనిపోయినవాడి వారసుల క్షమాపణ, వాళ్లకు చెల్లించే పరిహారం, అంటే దియా. నేపాలీ గార్డు హత్య కేసులో శిక్ష పడిన సిరిసిల్ల ప్రాంతం మనుషులు ఐదుగురు దాదాపు 18 ఏళ్లు ఇక్కడి జైల్లో ఉండి చివరికి విడుదలయ్యారు. వాళ్ల కోసం తెలంగాణ నాయకుడు కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి క్షమాపణ పత్రం తెచ్చారు. పత్రం వచ్చాక కూడా విడుదలకు ఏళ్లు పట్టింది. ఏ దశలో ఏ కాగితం ఎవరి ముందుకు వెళ్లాలో, ఏది ఎందుకు ఆగుతుందో రెండు దేశాల పద్ధతులు పక్కపక్కన పెట్టి చదివిన తెలుగువాళ్లు మన మధ్య ఎంతమంది ఉన్నారు? శిక్షపడ్డ ఖైదీలను స్వదేశానికి పంపే ఒప్పందం మీద ఇండియా, యూఏఈ 2011లోనే సంతకాలు చేశాయన్న సంగతైనా ఎంతమందికి తెలుసు?

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లవి తీసిపారేసే మాటలు కావు. మొదటిది, ఉద్యోగం. ఈ చదువుతో తిండి దొరుకుతుందా అని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. ఉత్త క్రిమినల్ జస్టిస్ డిగ్రీతో అమెరికాలో చదువు తర్వాత పనికి 12 నెలలే దొరుకుతాయి. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ అయితే ప్రస్తుత నిబంధనల ప్రకారం ఇంకో 24 నెలలు. కాబట్టి ఎలక్టివ్‌లలో రెండు మూడు డిజిటల్ సాక్ష్యాల మీద పెట్టుకోమనే చెబుతాను, వీలైతే అదే మేజర్‌గా మార్చుకోమంటాను. దుబాయ్‌లోనే ఉండాలనుకుంటే కంప్లయన్స్ పనుంది, అంటే సంస్థలు నిబంధనలు పాటిస్తున్నాయో లేదో చూసే పని. మనీ లాండరింగ్ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2022లో యూఏఈని గ్రే లిస్టులో పెట్టింది, 2024లో తీసేసింది. ఆ రెండేళ్లలో బ్యాంకులూ ఎక్స్చేంజ్‌లూ మనీ లాండరింగ్ మీద కన్ను తెరిచాయి. మీనాబజార్‌లో 55 వేల దిర్హమ్‌లు, అంతకు మించి నగదిచ్చి బంగారం కొంటే షాపువాడు మీ ఐడీ తీసుకుని రిపోర్టు చెయ్యాలి. ఆ రిపోర్టు చదివి అనుమానించేవాడు కావాలి కదా. రెండో అభ్యంతరం, ఇదంతా లా చదివితే రాదా అని. కోర్టులో నిలబడి వాదించాలంటే లా తప్పదు, ఈ డిగ్రీ దానికి బదులు కాదు. అయితే ఇక్కడి కోర్టుల్లో వాదించే హక్కు ప్రధానంగా ఎమిరాతీ లాయర్లది, లా చదివినా మనవాళ్లకు మిగిలేది కాగితం పనే. ఆ కాగితం పనికి ప్రొసీజర్, భాష, లెక్కలు కలిపి నేర్పే చదువు తక్కువేమీ కాదు. మూడోది కొత్త అభ్యంతరం, అనువాదం ఫోన్ చేసేస్తుందిగా అని. చేస్తుంది. కానీ ఫోన్ చెప్పిన అర్థం మీద ఎవరైనా సంతకం పెట్టి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఇది మర్యాద మాట, ఒప్పుకోలు కాదు’ అని నిలబడి చెప్పాలిగా. ఆ మనిషికి తెలుగు ఇంట్లో రావాలి, అరబ్బీ కాలేజీలో రావాలి.

అరబ్బీ కష్టమని వదిలేయడం మరీ అన్యాయం. ఇక్కడి స్కూళ్లలో పిల్లలు తొమ్మిదో తరగతి దాకా అరబ్బీ చదువుతారు, పదో తరగతిలో అడుగుపెట్టగానే గట్టున పెట్టేస్తారు. ఆ పునాది మీద కాలేజీలో నాలుగు సెమిస్టర్లు కలిపితే, చాలాచోట్ల జనరల్ సబ్జెక్టుల్లో విదేశీ భాష కోటా కూడా తీరిపోతుంది, ఒక్క క్రెడిట్ వృథా కాదు. స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదే అయిపోవాలి. అది లేకుండా రీసెర్చ్ మెథడ్స్‌లో కూర్చుంటే ఈత రాకుండా క్రీక్‌లో దిగినట్టే. భాషాశాస్త్రం రెండో ఏట, వేరువేరు దేశాల ప్రొసీజర్ మూడో ఏట, ఇంటర్న్‌షిప్ వీలైనంత వరకు లీగల్ ట్రాన్స్‌లేషన్ జరిగే చోట. పోలీస్ నిర్వహణ కంపల్సరీ అయితే ఒక్కటి తీసుకుని ఊరుకోండి.

ఈ ఏడాది ఫారాలు నింపుతున్నవాళ్లకు ఒక్క మనవి. ర్యాంకింగ్ చూసే ముందు ఆ కాలేజీ కోర్సు కేటలాగ్ తెరవండి, అరబ్బీ ఎన్ని సెమిస్టర్లు చెబుతారో వెతకండి. నాలుగు లేకపోతే, అది ఎంత పేరున్న కాలేజీ అయినా మన పిల్లలకు ఈ చదువు చదవాల్సిన చోటు కాదు.