కిర్రు చెప్పుల తాత... పాండవుల గుట్ట

కొత్త చెప్పు కరుస్తుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నన్ను కరిచింది. అదీ ఎక్కడ? జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట మీద, సగం దూరం ఎక్కాక!

తప్పు నాదే. రాళ్ల గుట్టలు ఎక్కాలంటే చీలమండ దాకా వచ్చే గట్టి తోలు బూట్లు కావాలని ఎవరో అంటే హైదరాబాద్‌లో ఓ జత కొన్నాను. శనివారం సాయంత్రం కొని, ఆదివారం పొద్దున్నే వేసుకుని బయల్దేరాను. అది బూటు కాదు, చెక్కపెట్టె! అరగంటకు మడమ మంట, గంటకు పొక్కు, ఇంకాసేపటికి అది చితికి మేజోడంతా తడి. వేల ఏళ్లనాటి రాతి బొమ్మలు చూద్దామని వెళ్లినవాణ్ని, బండ మీద కూలబడి నా కాళ్లే చూసుకుంటూ ఉండిపోయాను. దిగేటప్పుడు మరీ అన్యాయం. వేళ్లన్నీ ముందుకు జారి బూటు ముక్కుకు గుద్దుకున్నాయి. మేకలు తోలుకెళ్తున్న కుర్రాడొకడు హవాయి చెప్పులతో చకచకా దిగిపోతూ నన్ను చూసి నవ్వాడు. నవ్వడా మరి!

ఆ జతను అటకెక్కించేవాణ్నే. జనగామలో ఉండే మిత్రుడు పడనివ్వలేదు. ‘మా దగ్గర ఓ తాత ఉన్నడు. ఒకప్పుడు కిర్రు చెప్పులు కుట్టిన చెయ్యి. ఓసారి చూపియ్యి’ అన్నాడు.

రోడ్డు పక్కన వేపచెట్టు, దాని కింద గోనెపట్టా. దాని మీద ఆరె, రంపె, ఓ చిన్న సుత్తి, మైనం పట్టించిన దారం. తాత నా బూటును అటూ ఇటూ తిప్పి, అట్టను వంచబోయాడు. వంగలేదు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. నన్ను తొడుక్కోమని, కాలు పూర్తిగా ముందుకు జరపమన్నాడు. మడమ వెనక తన వేలు దూర్చి చూశాడు. సరిగ్గా ఒక వేలు పట్టింది.

‘సైజు సరిపోయింది బిడ్డా. నీకే ఓపిక సరిపోలె’ అన్నాడు.

నేను నవ్వేసరికి ఆయన కూడా నవ్వాడు. ‘గిది కొత్త తోలు. దీనికి నీ కాలు ఎర్క లేదు, నీ కాలుకు ఇది ఎర్క లేదు. ఒక్కదినానికే గుట్ట ఎక్కిస్తె కరువదా మరి?’

మడమ దగ్గర లోపలికి పొడుచుకొచ్చిన కుట్టును సుత్తితో కొట్టి అణిచాడు. గుడ్డపేలికతో కాస్తంత ఆముదం తీసుకుని, మడత పడే చోట మాత్రమే రుద్దాడు. అంతా రాయమంటే ఒప్పుకోలేదు. ఎక్కువైతే తోలు సాగి గోనెసంచిలా అవుతుందట. ఎండలో పెట్టొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, పెళుసెక్కి పగులుతుంది అన్నాడు. మొదటి వారం ఇంట్లోనే గంటసేపు, రెండో వారం ఊళ్లో, మూడో వారం చేనుగట్ల మీద. ఎక్కడ ఎర్రబడితే అక్కడ పొక్కు రాకముందే గుడ్డపట్టీ అతికించాలి. ఇంకోమాట... చెప్పులైనా బూట్లయినా సాయంత్రమే కొనాలట, పగలంతా నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. ఇన్నాళ్లూ నాకీ ముక్క ఎవరూ చెప్పలేదు!

ఇదంతా ఆయన బూట్లతో నేర్చుకున్న విద్య కాదు. తన చిన్నప్పుడు ఊరి చివర లంద ఉండేదట. పశువు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్కతో ఊనేవారు. తోలును సంచిలా కుట్టి వేలాడదీసి, లోపల చెక్క, ఆ చెక్క ఊరిన నీళ్లు నింపేవారు. బతుకమ్మలో మనం పేర్చే తంగేడే! దాని పువ్వు 2014లో రాష్ట్ర పుష్పమైంది, దాని బెరడు ఎన్ని ఊళ్ల కాళ్లను కాపాడిందో ఎవరికీ గుర్తులేదు. ఆ తోలుతో మందపాటి అట్టలు పొరలు పొరలుగా వేసి, బొటనవేలికి ఉంగటం, పైన వారు పెట్టి కుడితే కిర్రు చెప్పులు. అడుగు వేస్తే అట్టలు ఒకదానితో ఒకటి రాసుకుని కిర్రు కిర్రుమంటాయి. కొత్తలో అవీ కరిచేవే. అందుకే ఇంటింటా ఆముదం బుడ్డి!

‘మరి మీ ఇంట్ల అందరికీ ఉండేనా?’ అని అడిగాను.

తాత కాసేపు మాట్లాడలేదు. ‘కుట్టుడు మాది. తొడుగుడు వాళ్లది’ అన్నాడు.

జనగామ ప్రాంతం గురించి తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి ఇక్కడే. దొరలకు చెప్పులు, మోట తొండాలు, కాడి పట్టెడలు ఉచితంగా కుట్టివ్వడం వెట్టిలో భాగమని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. గడి ముందు నుంచి పోవాలంటే కాళ్లకున్న చెప్పులు చేతికి రావాల్సిందే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఈ దొరతనం మీద తిరగబడినప్పుడే. దొరలు అడవికి వేటకు పోతే తాత వాళ్ల తాత డప్పు కొడుతూ మెకాన్ని లేపేవాడట. దొర బూట్లతో మంచె మీద, ఆయన ఉత్తకాళ్లతో ముళ్లపొదల్లో. ఆ డప్పూ తోలే, ఆ బూటూ తోలే!

వేటగాళ్ల బూట్లు అంత గట్టిగా ఎందుకుంటాయో తర్వాత తెలుసుకున్నాను. మెత్తటి అట్ట ప్రతి రాయి మీదా వంగుతుంది, పాదం అలసిపోతుంది. గట్టి అట్ట రాయి అంచు మీద కూడా నిలబడుతుంది. ఆల్ప్స్ కొండల్లో వేటగాళ్లు, పర్వతారోహకులు ఒకప్పుడు అట్టలకు ఇనుప మేకులు కొట్టించుకునేవారు. 1935లో ఇటలీలో ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత వాళ్ల మిత్రుడు వితాలె బ్రమానీ గాళ్లు పడిన రబ్బరు అట్టను తయారుచేశాడు. నా బూట్ల కిందా ఉన్నది ఆ కోవదే.

మూడు వారాలు తాత చెప్పినట్టే చేశాను. ఇంట్లో బూట్లేసుకుని టీవీ చూస్తుంటే మా ఆవిడ వేసిన జోకులు ఇక్కడ రాయదగ్గవి కావు. నాలుగో వారం మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతానికి వెళ్లాం. పేరు చూడండి, భీముడు అడుగు పెట్టిన చోటని స్థానికుల నమ్మకం. ఆయన ఏ జోడూ లేకుండానే వచ్చుంటాడు! ఆ చుట్టుపక్కలంతా పాకాల అడవి. నిజాం కాలంలో వేటకు పేరుపడ్డ చోటు. 1972 చట్టంతో వేట నేరమైంది, ఇప్పుడు భుజాన కెమెరా వేసుకోవాల్సిందే. వాగులో ఒక కాలు మునిగింది. తాత మాట గుర్తొచ్చి ఎండలో పెట్టలేదు. ఇంటికొచ్చాక పాత పేపర్లు ఉండలు చుట్టి బూట్లో కుక్కి, నీడన రెండ్రోజులు ఆరబెట్టాను. పేపరు ఇందుకూ పనికొస్తుందని మా పిల్లలకు మహా ఆనందం.

చివరికి మళ్లీ భూపాలపల్లి దారి. పరకాల దాటి రేగొండ రాకముందు టీకొట్టు దగ్గర సింగరేణి కార్మికుడొకరు నా బూట్లు చూసి, తన గని బూట్లు చూపించారు. ముక్కులో ఉక్కు తొడుగు ఉంటుంది, బొగ్గు పెళ్ల పడ్డా వేళ్లు చితకవు. ‘వీటితోని గుట్ట దిగితె వేళ్లు పచ్చడే’ అని నవ్వారు. ఒక పనికి ప్రాణం కాపాడే బూటు ఇంకో పనికి శత్రువే!

ఈసారి తాడును రెండు చోట్ల ముడేశాను. ఎక్కేటప్పుడు చీలమండ దగ్గర కాస్త వదులుగా, దిగేటప్పుడు బిగుతుగా. వేళ్లు ముందుకు జారలేదు. మేకల బండ, ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ... అన్నీ తీరిగ్గా చూశాం. ఇసుకరాతి మీద ఎర్రటి రంగులో జింకలు, దున్నలు, చేపలు, విల్లమ్ములు. 1990లో ఈ బొమ్మలు పరిశోధకుల కంట పడేదాకా ఎన్ని వేల ఏళ్లు అలా ఉన్నాయో! నేను చూసిన బొమ్మల్లో ఎవరి కాళ్లకూ జోళ్లు కనిపించలేదు. మా చిన్నది మాత్రం ‘నాన్నా, వీళ్లకు పొక్కులు రావా?’ అని అడిగింది.

తిరుగుదారిలో జనగామలో ఆగాం. తాత బూట్లు చేతిలోకి తీసుకుని వంచాడు. సులువుగా వంగాయి. నాకో జత కిర్రు చెప్పులు కుట్టిపెట్టమని అడిగాను. ఎంతో కొంత బయానా ఇవ్వబోతే పుచ్చుకోలేదు. లంద పోయి ఎన్నో ఏళ్లయింది, తంగేడు చెక్కతో ఊనిన తోలు ఎక్కడ దొరుకుతుందో అడిగి చూడాలన్నాడు. పాత పేపరు ఒకటి నేల మీద పరిచి, నా పాదం దాని మీద ఉంచమని, చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. తర్వాత రెండో పాదం. రెండూ ఒక్కతీరుగా ఉండవట.

‘తోలు దొరికితె ఫోన్ చేస్త బిడ్డా’ అన్నాడు, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఫోన్ ఇంకా రాలేదు.