సముద్రపు నాచు – స్త్రీల కట్టుబాటు

మన దేవనహళ్ళికి సముద్రము దూరము. మా విద్యార్థులలో కడలిని కన్నులార చూచినవారు కొలదిమందియే. అయినను విందులకు పాలలో కరగించి గట్టిపరచు చైనా గ్రాసు సముద్రపు నాచునుండి తీసినదే. ఆంధ్రదేశమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో, అలలు ఒడ్డునకు త్రోసిన నాచును జనులు త్రొక్కుచు పోవుట చూచితిమి. ఆ నాచే వేరొక తీరమున వేలకొలది స్త్రీలకు జీవనాధారమని పిదప చదివి తెలిసికొంటిమి.

ఆ తీరము తమిళనాడున రామనాథపురము జిల్లాలోనిది. అచట మన్నారు సింధుశాఖలో 21 దీవులు కలవు. వాని చుట్టును, లోతు తక్కువగు నీటిలో, పగడపు దిబ్బలపై నాచు పెరుగును. బెస్త స్త్రీలు వ్రేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగి, దానిని కోసి తెత్తురు. ఒక జాతి నాచునుండి అగరు తీయుదురు. కంజిపాసి యను మరియొక జాతిని తీరవాసులు గంజిగా కాచుకొనుటయు కలదు.

1986లో ప్రభుత్వము ఈ దీవులను జాతీయోద్యానముగా ప్రకటించెను. పిదప దీవుల దరి చేరుట నిషిద్ధమయ్యెను. తల్లులనాటి నుండి చేయుచున్న పని నేరమైనది. అప్పుడా స్త్రీలు సంఘముగా కూడి తమ హక్కును కోరిరి. దానితోపాటు తమకు తామే హద్దును విధించుకొనిరి. నెలకు 12 దినములు మాత్రమే కోయవలెను. చేపల వేట ఆగు దినములలో నాచును ముట్టరాదు. ఇనుప పనిముట్లతో రాళ్ళను గీకరాదు, చేతితోనే కోయవలెను. మొదలు మిగిలినచో నాచు మరల పెరుగును. గీకినచో పగడమును చెడును. ఈ స్త్రీలకు నాయకురాలైన చిన్నపాలెము నివాసిని లక్ష్మీమూర్తికి 2015లో అమెరికాలోని సీకాలజీ సంస్థ బహుమతి నొసగెను.

పనికి పోని దినమున కూలి లేదు. ఆ నష్టమును భరించువారే ఏర్పరచిన నియమము గనుక ఇది మాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచినది. పైవారు విధించిన నిషేధమును తప్పించుకొన జూచువారుందురు. పొరుగువారితో కూర్చుండి ఒప్పుకొనిన మాటను మీరుట కష్టము.

మనకు కడలి లేకున్నను చెరువులు కలవు. గట్టున మొలచు పొన్నగంటికూరను చివుళ్ళు గిల్లినచో మరల చిగుర్చును. వ్రేళ్ళతో పెరికినచో మిగులునది బురదయే. విద్యార్థులారా! ఏ ఆకును ఎంత కోయవలెనో, దేనిని ఎప్పుడు విడువవలెనో మీ యవ్వలను అడుగుడు. తలిదండ్రులును తమకు తెలిసినది చెప్పుదురుగాక. వారు చెప్పిన మాటలను చెప్పినట్లే తెలుగున వ్రాసి మాకు తెచ్చి ఇండు. వానిని తరగతిలో అందరకు చదివి వినిపింతుము.