నూలు రాలేదు, ఫోను పలకలేదు

గుడియాత్తం అంటే కైలీలు, అగ్గిపెట్టెలు. అక్కడి మగ్గాల యజమాని ఒకరు, తెలుగింటాయనే, మా వేలూరు బ్రాంచికి వచ్చారు. (మనవాళ్ళకు అది ఇంకా రాయవేలూరే!) నూలుకోసం మూడు లక్షలు ముందుగా పంపారట. నూలు రాలేదు. పదిరోజులుగా ఆ వ్యాపారి ఫోను పలకడంలేదు.

"శనివారం కూలి ఎట్లా ఇచ్చేది సార్?" అన్నారు. పడుగు లేనిదే మగ్గం ఆడదు, మగ్గం ఆడనిదే నేతగాని ఇంట పొయ్యి వెలగదు.

ఆర్.టి.జి.ఎస్.లో వెళ్ళిన సొమ్మును బ్యాంకు తనంతట తానే వెనక్కి లాగలేదు. అవతలి బ్యాంకుకు ఆ రోజే వ్రాశాము. లాయరు నోటీసుకు ఆలస్యం చేయవద్దన్నాను. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి దావాకు సాధారణంగా 3 ఏళ్ళే గడువు. "రేపు, ఎల్లుండి" అంటూ జరిపేవారికి ఆ సంగతి బాగా తెలుసు.

పాత పద్ధతి ఒకటుంది. వ్యాపారి సరుకు లారీకెక్కించి, రసీదును, బిల్లును బ్యాంకు ద్వారా పంపుతాడు. డబ్బు కట్టాకే రసీదు మన చేతికొస్తుంది. కమీషను కొంత పోతుంది. మూటలో ఏముందో బ్యాంకు చూడదు. అయినా కొత్త వ్యాపారితో నేను అదే మేలంటాను.

"మా నాయన అట్లే తెప్పించేవాడు సార్" అన్నారాయన.

ఆ శనివారం కూలి, ఇంటావిడ గాజులు కుదువపెట్టి ఇచ్చారు. నూలు సొమ్ము ఇంకా రాలేదు.