గౌరారం పాట అమెరికా పోయింది
అమెరికా తెలుగోళ్ల సభల్లో పాటగాడు గోరటి వెంకన్న పాడుతుంటే చూసిన్రా? ముందు వరుసల సూటుబూటు, స్టేజీ మీద ఆయన పుట్టిన మన తెలకపల్లి గౌరారం. పాడుతనే అడుగేస్తడు, చెయ్యి గాల్లో తిప్పుతడు. వాయిద్యాలు లేకున్నా నడుస్తది.

పాట దేశాలు దాటుడు, పాటగాడు పదవి దాకా పోవుడు కొత్త గాదు. బ్రెజిల్‌ల పాటగాడు జిల్బెర్టో జిల్‌ను 1969ల సర్కారు వెళ్లగొడితే లండన్ పోయి పాడిండు. 2003ల అదే దేశానికి సాంస్కృతిక మంత్రి అయిండు. మన వెంకన్న 2020ల ఎమ్మెల్సీ అయిండు. 2021కి ‘వల్లంకి తాళం’ పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు గూడ వచ్చింది. పదవుల సంగతి నాకంత పట్టింపు లేదు గానీ, ఈ గౌరారం ఉన్న పాలమూరోళ్లు బొంబాయికి మట్టిపనికి పోయినప్పుడు వాళ్ల కోసం ఏ తెలుగు సంఘమోళ్లు సభ పెట్టిన్రు?

సభల్ల వెంకన్నను ‘కుబుసం’ సినిమాల పల్లె పాట అందరూ అడుగుతరు. ఈసారి ఎండిన వాగు పాట అడుగుండ్రి. ఆ వాగు మన దుందుభి.